దిబ్బకు చేరని సగం

రోహిణి కార్తె ఎండల్లో ఊళ్లన్నీ పెంట తోలే హడావిడిలో ఉంటాయి. దిబ్బ తవ్వి, ట్రాక్టరుకెత్తి, చేలో అక్కడక్కడ కుప్పలు పోసి, వాన పడ్డాక చూద్దాంలే అని వదిలేస్తాం. ఆ కుప్పలు రెండు మూడు వారాలు ఎండి పొడైపోతాయి. తొలి వానకు మిగిలిన సారమంతా కుప్ప కింది మట్టిలోకే దిగుతుంది. పైరు ఎదిగాక చూడండి, కుప్ప పోసిన చోట నల్లపచ్చగా, చుట్టూ పాలిపోయి కనిపిస్తుంది. అందుకే ఈసారి తోలిన రోజే చల్లి, చల్లిన రోజే దున్ని కలపండి. నేల గట్టిగా ఉండి నాగలి దిగకపోతే తొలి పదును దాకా ఎరువును దిబ్బలోనే ఉంచండి. చివకని పచ్చి పెంట మాత్రం తోలొద్దు. వేరుశనగ చేలో వేరుపురుగునూ చెదనూ మనమే పిలిచినట్టవుతుంది.

ఇది అందరికీ చెప్పే మాట. పశువులను బయటికి తోలి మేపే పాడి రైతులతో ఇంకొంచెం మాట్లాడాలి.

పొద్దున విప్పిన పశువు సాయంత్రం దాకా బీళ్లలో, గట్ల మీద, చెరువు శిఖంలో మేస్తుంది. రాత్రంతా కొట్టంలో పడుకుని నెమరేస్తుంది. బీడులో మేసి వేసే పేడ, మూత్రాల్లో సగమో, కాస్త ఎక్కువో మన కొట్టంలోనే వదులుతుంది. అంటే ఊరి చుట్టూ ఉన్న భూముల సారం నాలుగు కాళ్ల మీద రోజూ మన ఇంటికి నడిచొస్తోంది. పాలతో పాటు బయటికి పోయేది తక్కువే. లీటరు ఆవుపాలలో నత్రజని 5 గ్రాములు, భాస్వరం 1 గ్రాము దాకా ఉంటాయి. పశువు తిన్న నత్రజనిలో పావు వంతు, అటూ ఇటూగా, పాలలోకి వెళ్తుంది. మిగతా ముప్పావు వంతూ పేడలో, మూత్రంలో వెనక్కి వస్తుంది.

వెనక్కి వచ్చే ఈ సారం పేడ, మూత్రాల మధ్య ఎలా పంపకమవుతుందో రైతు తెలుసుకోవాలి. భాస్వరం దాదాపు అంతా పేడలోనే ఉంటుంది. పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోకి పోతుంది. నత్రజని సగం పేడకు, సగం మూత్రానికి అనుకోవచ్చు. తెలగపిండి, పత్తిగింజల చెక్క దండిగా పెట్టేవారి కొట్టంలో అయితే మూత్రం వాటా ఇంకా పెరుగుతుంది. మరి మనం ఏం చేస్తున్నాం? పేడను శ్రద్ధగా ఎత్తి దిబ్బలో వేస్తాం. మూత్రాన్ని మురుగు కాలవకు వదిలేస్తాం. లేదా కొట్టం నేలే తాగేస్తుంది. మూత్రంలోని నత్రజనిలో ఎక్కువ భాగం యూరియానే, దుకాణంలో సంచికి డబ్బు కట్టి తెచ్చుకునే సరుకే. పేడ తగిలిన కొద్ది గంటల్లోనే అది అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. తెల్లవారి కొట్టంలోకి అడుగుపెట్టగానే కళ్లు మండేది దాని వల్లే.

పాడి పశువు రోజుకు 8 నుంచి 10 లీటర్ల మూత్రం పోస్తుంది. మేతను బట్టి మారుతుంది గానీ, ఏడాది మూత్రంలోని నత్రజని సుమారుగా ఒక 45 కిలోల యూరియా బస్తాతో సమానం. మేతకు పోయే పశువు కాబట్టి అందులో సగమో, కాస్త ఎక్కువో కొట్టంలో పడుతుంది. నాలుగు పశువులున్న ఇంట్లో ఏటా రెండు బస్తాలన్న మాట. యూరియా కోసం క్యూలో చెప్పులు పెట్టి నిలబడే రోజుల్లో ఇది చిన్న లెక్కేమీ కాదు.

దీన్ని పట్టి ఉంచడానికి సిమెంటు తొట్లే కట్టనక్కర్లేదు. గాడిలో మిగిలిన చొప్ప మొదళ్లు, వరిగడ్డి తుక్కు, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు, ఏది ఉంటే అది రాత్రిపూట పశువు వెనక కాళ్ల కింద పరవండి. పొద్దున్నే ఆ తడిసిన తుక్కును పేడతో కలిపి ఎత్తండి. బండలు పరిచిన కొట్టమైతే వెనక్కి వాలు పెట్టి, చివర చిన్న గుంత తీస్తే చాలు.

ఎత్తినదాన్ని నేల మీద దిబ్బగా పోయకుండా కందకంలో వేయడం మేలు. ఆచార్య అనే శాస్త్రవేత్త చెప్పిన పాత పద్ధతే ఇది. మీటరు లోతు, రెండు మీటర్ల వెడల్పు, ఆరేడు మీటర్ల పొడవున కందకం తీసి, ఒక కొస నుంచి మూడడుగుల మేర చొప్పున నింపుకుంటూ రావాలి. నేల మట్టం దాటి అడుగున్నర లేచాక పైన పేడ, మట్టి కలిపి అలికేయాలి. నాలుగైదు నెలలకు ఎరువు చేతికొస్తుంది. మధ్యమధ్య కాస్త సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లితే నత్రజని గాలిలో కలవడం తగ్గుతుంది, మన పెంటలో ఎప్పుడూ తక్కువగా ఉండే భాస్వరమూ చేరుతుంది. కందకం మెరక మీద ఉండాలి, చుట్టూ చిన్న కట్ట వేయాలి. పైన పాత టార్పాలిన్ అయినా కప్పండి. వానకు దిబ్బ కింది నుంచి కారే గోధుమరంగు నీళ్లలో పోయేది ముందు పొటాషే. అవి మంచినీళ్ల బావి వైపో, చెరువులోకో చేరితే ఇంకా ముప్పు. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించితే పసిపిల్లలకు ప్రమాదం.

కొట్టం కడిగిన నీళ్లు నేపియర్ గడ్డికి పెట్టడం మంచి అలవాటు. ఎకరాకు ఏడాదికి వంద టన్నుల పచ్చిగడ్డి కోసుకుంటే, ఆ గడ్డితో పాటు సుమారు 250 కిలోల నత్రజని పొలం దాటుతుంది. పొటాష్ అంతకంటే ఎక్కువే పోతుంది. అంత ఆకలి ఉన్న పైర్లు అరుదు. అయితే ఒక జాగ్రత్త. ఈ నీళ్లు తాగి పెరిగిన గడ్డిలో పొటాష్ మరీ ఎక్కువగా ఉంటుంది. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి చూడి ఆవుకు ఇదే ప్రధాన మేతగా పెడితే, ఈనిన వెంటనే పాలజ్వరం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ మూడు వారాలూ జొన్న చొప్ప, మొక్కజొన్న మేత వైపు తిప్పండి. ఇక వరిగడ్డి మీదే బతికే పశువులకు భాస్వరం చాలదు. ఎముకలు, గుడ్డలు నమిలే ఆవును చూస్తే ఆ సంగతి గుర్తించండి. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి.

తొలకరి పడి పది పదిహేను రోజులయ్యాక బీళ్లలో లేతగడ్డి మొలుస్తుంది. దాంట్లో మాంసకృత్తులు ఎక్కువ, పీచు తక్కువ. అప్పుడు కూడా చెక్క పాత కొలతే పెడితే ఆ ఖర్చు మూత్రంలో కొట్టుకుపోతుంది. ఆ వారాల్లో చెక్క కొంత తగ్గించి, నూకో మొక్కజొన్న పిండో పెంచండి. విప్పే ముందు గుప్పెడు ఎండుమేత వేయండి. పేడ పలచబడుతోందంటే చెక్క ఇంకా తగ్గించాలని అర్థం.

మామిడి, కొబ్బరి తోటల్లో పలుపుతాడుతో కట్టి మేపేవారు గూటాన్ని రోజూ మార్చాలి. నీడ ఎక్కడుంటే, తొట్టి ఎక్కడుంటే పశువు అక్కడే చేరుతుంది, ఎరువూ అక్కడే పడుతుంది. ఒకే చెట్టు కింద పదేళ్లు కడితే ఆ చెట్టు ఒక్కటే బాగుపడుతుంది. గొర్రెల మంద కట్టించేటప్పుడు రాత్రికో మడి మార్చమని అడుగుతాం కదా, సొంత ఆవుల విషయంలో ఆ పట్టింపు ఎందుకు ఉండదో!

ఊరి పక్క చేనుదీ అదే కథ. బండి తోలకం దగ్గర కాబట్టి ఏటా పెంటంతా అక్కడికే పోతుంది. దూరపు చేనుకు యూరియా ఒక్కటే దిక్కు. రెండు చేల నుంచీ మట్టి నమూనాలు వేరువేరుగా తీసి పరీక్షకు పంపండి, కలిపి పంపితే ఏమీ తెలియదు. దగ్గరి చేలో భాస్వరం ఎక్కువని వస్తే, అక్కడ ఈ ఏడు డీఏపీ మానేసి, పెంటను దూరపు చేనుకు తోలండి. ఎకరాకు నాలుగు టన్నులు లక్ష్యంగా పెట్టుకోండి.

పెంట బాగా పడ్డ ఆ దగ్గరి చేలోనే పశువుల కోసం జొన్న వేసేవారు చాలామంది. వానలు వెనకబడి పైరు బెట్టకొస్తే అక్కడి లేత జొన్నలో నాము అనే విషం ఎక్కువవుతుంది, నైట్రేట్ కూడా పేరుకుంటుంది. నాము పట్టిన పశువు నిమిషాల్లో పడిపోవచ్చు. పూత దశకు వచ్చేదాకా ఆ చేలో పశువును విప్పొద్దు, కోసి వేయొద్దు. కోసి మళ్లీ చిగురించిన పిలకలకూ ఇదే మాట వర్తిస్తుంది. పొరపాటున మేసి, రొప్పుతూ తూలుతుంటే, నాటు వైద్యం కోసం చూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేసి, జొన్న మేసిందని ముందే చెప్పండి. దానికి తగిన ఇంజెక్షన్ వెంట తెచ్చుకుంటారు.