గుస్సాడీ రాత్రికి ఏ లెన్స్?

ప్రశ్న: నా దగ్గర నికాన్ డి3500, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. గోండుల దండారి పండుగ రాత్రి ఆదిలాబాద్ గూడెంలో తీసిన గుస్సాడీ నాట్యం ఫొటోలన్నీ అలికేసినట్టు వచ్చాయి. తక్కువ ఖర్చులో ఏ లెన్స్ కొనాలి? - ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: కెమెరా మార్చకండి. మీ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 మించి తెరుచుకోదు. ఎఫ్/1.8 లెన్స్ దాదాపు పదింతల వెలుగు తెస్తుంది. సెకనులో 25వ వంతు షట్టర్ పెట్టినచోట 250వ వంతు పెట్టొచ్చు. ఎగిరిన కాలు స్పష్టంగా పడుతుంది. లెన్స్‌లోని వీఆర్ మీ చేతి వణుకును ఆపుతుంది గానీ, ఆడేవాళ్లను ఆపదు కదా!

చవకని పాత 50 ఎం.ఎం. 'డి' రకం కొనకండి. మీ కెమెరాలో ఫోకస్ మోటార్ లేదు, చీకట్లో చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ 'జి' రకమే అడగండి. ఇక ఎన్ని ఎం.ఎం. అంటారా? మార్లవాయి కళాకారుడు కనకరాజుకు పద్మశ్రీ తెచ్చిన ఈ గుస్సాడీ ఆటలో సగం అందం తలమీది నెమలీకలదే. గుంపులో నిలబడితే 50లో అవి పట్టవు. నేనైతే 35 ఎఫ్/1.8 డీఎక్స్ తీసుకుంటాను.

సెకండ్ హ్యాండ్‌దైతే టార్చి వేసి లోపల ఫంగస్ చూడండి. ఐఎస్ఓ 3200కు జంకొద్దు. ఫ్లాష్ వద్దు. కేస్లాపూర్ నాగోబా జాతరకూ ఇదే లెన్స్ చాలు. అక్కడ మెస్రం వంశీయుల పూజ తీయాలంటే మాత్రం ముందు పెద్దలను అడగండి.