పాత కంప్యూటర్‌కు కరెంటిచ్చే ముందు

మంగంపేటలో ముగ్గురాయి మిల్లుల పక్కన రేడియోలు, టీవీలు బాగుచేస్తూ నా వయసంతా గడిచింది. ఈ మధ్య కుర్రవాళ్లు పాత కంప్యూటర్లను ముచ్చటపడి తెచ్చుకుంటున్నారు. వాటిలో బీబీసీ మైక్రో అంటే నాకు ప్రాణం. 1981లో ఇంగ్లండులో వచ్చిన ఆ మిషన్ 1984-85లో క్లాస్ అనే కంప్యూటర్ చదువుల పథకం కింద మన దేశంలో 250 బడులకు చేరింది. మెమరీ 32 కిలోబైట్లే. అయినా ఎంతోమంది పిల్లలు మొట్టమొదట వేలు పెట్టిన కీబోర్డు అది. అలాంటిది పవర్ సప్లై పాడైతే చాలు, చిప్పులన్నీ పోయాయనుకుని పాత సామాన్లకు వేసేస్తారు. అది చూడలేక ఈ నాలుగు మాటలు.

1. అటక మీంచి దించగానే ప్లగ్గు పెట్టొద్దు నాయనా. ముందు విప్పి చూడు. ముగ్గురాయి పొడి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. మా ఊళ్లో ఏ డబ్బా విప్పినా అడుగున పేరుకుని ఉంటుంది. ఊదితే సందుల్లోకి పోతుంది, పొడి బ్రష్షుతో బయటికి లాగు. ఆ తర్వాత కరెంటు లోపలికొచ్చే చోట, లైనుకు అడ్డంగా ఉండే ఫిల్టర్ కెపాసిటర్‌ను వెలుతురులో పెట్టి చూడు. లేత పసుపు పెంకులోంచి లోపల చుట్టిన కాగితం కనిపిస్తుంది. ఏళ్లు గడిచేసరికి ఆ పెంకు మీద వెంట్రుకవాసి నెర్రెలు పడతాయి. వాటిగుండా తేమ కాగితానికెక్కుతుంది. ఆ స్థితిలో 230 వోల్టులు తగిలితే గదంతా పొగ, ఘాటు వాసన. పొగ వచ్చిందని గుండె జారిపోనక్కర్లేదు, చాలాసార్లు బోర్డుకేమీ కాదు. నెర్రె కనిపిస్తే మాత్రం మిషన్ నడుస్తున్నా సరే దాన్ని తీసేయ్. అదే విలువలో ఎక్స్2 గుర్తున్నదే వెయ్యి. లైను మీద దెబ్బతిన్నా మంట లేవకుండా తయారుచేసిన రకం అది. మామూలు కెపాసిటర్‌కు ఆ భరోసా లేదు.

2. స్విచ్‌మోడ్ సప్లైలో 230 వోల్టుల ఏసీ డీసీగా మారి, పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలబడుతుంది. ప్లగ్గు పీకినా కాసేపు అక్కడే ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పులు రాల్చే అలవాటు మానుకో. రెసిస్టర్ ద్వారా దించి, మీటరు సున్నా చూపించాకే చెయ్యి పెట్టు.

3. మొదటిసారి కరెంటు సీరీస్ బల్బుతోనే, అంటే లైను మధ్యలో బల్బు పెట్టి. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఒకసారి వెలిగి మసకబారితే ముందుకు పోవచ్చు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది.

4. బోర్డు తగిలించకుండా, అసలు లోడే లేకుండా కొలిచిన వోల్టేజీని నమ్మొద్దు. 5 వోల్టుల లైనుకు 5 ఓములు, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి పెట్టుకుంటే ఒక ఆంపియరు లాగుతుంది. అప్పుడు కొలువు. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. తక్కువైతే మిషన్ లేవదు, అంతే. ఎక్కువైతే చిప్పులనే తినేస్తుంది. అందుకే బోర్డుకు తగిలించేది చివర.

తగిలించాక బోర్డు మీద కూడా కొలవాలి. ఇది చాలామంది వదిలేస్తారు. బీబీసీ మైక్రోలో సప్లై నుంచి ఎర్రవైర్లు మూడు, నల్లవి మూడు, మైనస్ 5 వోల్టులకు ఊదారంగుది ఒకటి వస్తాయి. ఒక బడి మిషన్ నా దగ్గరికొచ్చింది. వేయగానే తగ్గుస్వరంలో ‘బూ’ అని ఆగకుండా మోగుతోంది. సవ్యంగా లేస్తే ఆ ‘బూ’ వెంటనే తెగి ‘బీప్’ రావాలి. అది రాలేదంటే ప్రాసెసర్ నడక మొదలుపెట్టలేదన్నమాట. దాన్ని అంతకుముందు చూసినవాళ్లు ప్రాసెసర్ మార్చాలన్నారట. సప్లై దగ్గర 5.05 ఉంది, చిప్పు కాళ్ల దగ్గర 4.6. ఎర్రవైర్ల క్లిప్పులు వదులై, అవి కూర్చునే రేకులు నల్లబడ్డాయి. రేకులు గీకి, క్లిప్పులను నోస్ ప్లయర్‌తో బిగించాను. మళ్లీ వేస్తే ‘బూ, బీప్’, తెరమీద బేసిక్. ఒక్క చిప్పూ మార్చలేదు.

5. మనది రోహిణిలో రోళ్లు పగిలే సీమ. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఉబ్బకపోయినా లోపల ఎండిపోయి ఉండొచ్చు. మైక్రోఫారడ్లు సరిగ్గా చూపించినంత మాత్రాన మంచిదనుకోకు, ఈఎస్‌ఆర్, అంటే దాని లోపలి నిరోధం కొలువు. మార్చేటప్పుడు 105 డిగ్రీల రకమే కొను.

6. ఎర్తింగు లేని ప్లగ్గులో ఇలాంటి మిషన్ పెట్టకు. ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల లోహభాగాలు జివ్వుమని లాగుతాయి. మన నేల ఎండినప్పుడు ఎర్తు పేరుకే మిగులుతుంది. గుంతలో ఉప్పు, బొగ్గు ఉంటే చాలదు, వేసవిలో నీళ్లు పోస్తుండాలి.

7. ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతే కొత్త సప్లై పెట్టుకో, తప్పులేదు. పాతదానికోసం మిషన్‌ను ఏళ్లతరబడి మూలన పెట్టడం నాకు నచ్చదు. 5 వోల్టులకు 4 ఆంపియర్లయినా ఇచ్చేది చూసుకో, మైనస్ 5 మరవొద్దు. పాత డబ్బాను మాత్రం కోసి పారెయ్యకు. ఏ వైరు ఎక్కడిదో చీటీ రాసి లోపల పెట్టు, నీ తర్వాత దాన్ని విప్పేవాడికి పనికొస్తుంది.