కటకాల జీర్ణోద్ధరణ

పాఠ్యభాగ ఉద్దేశం

పాత వస్తువును బాగుచేయడం వేరు, దానిని కొత్తదానిగా మార్చబూనడం వేరు. రేంజ్‌ఫైండర్ ఫిల్ము కెమెరాలకు అమర్చే పాత వైడ్ యాంగిల్ కటకాల ఆధారంగా ఈ భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శిథిలమైన ఆలయాన్ని తిరిగి పూజకు యోగ్యంగా చేయడాన్ని పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. జీర్ణోద్ధరణ అంటే పాత గుడి స్థానంలో కొత్త గుడి కట్టడం కాదు. అరిగిన శిల్పాన్ని మళ్ళీ చెక్కి నునుపు చేయడమూ కాదు. నిలిచి ఉన్నదానిని నిలుపుకొంటూ, ఆగిపోయిన వినియోగాన్ని తిరిగి సాగించడమే దాని పరమార్థం. పాత కెమెరా కటకాల విషయంలోనూ ఇదే ధర్మం వర్తిస్తుంది.

జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్, సినిమా ఫిల్మును ఉపయోగించి నిశ్చల చిత్రాలు తీసే చిన్న కెమెరా నమూనాను 1914 నాటికే రూపొందించాడు. అది 1925లో ‘లైకా’ పేరుతో విపణిలోకి వచ్చింది. 1930లో కటకాలను మార్చుకొనే సౌకర్యం ఏర్పడింది. 1932లో కటకంతో అనుసంధానమైన రేంజ్‌ఫైండర్ లైకాలో చేరింది. అదే సంవత్సరం జైస్ ఐకాన్ సంస్థ ‘కాంటాక్స్’ కెమెరాను విడుదల చేసింది.

మనిషి తన రెండు కళ్ళతో దూరాన్ని గ్రహించినట్లే రేంజ్‌ఫైండర్ రెండు చిన్న కిటికీలతో దూరాన్ని కొలుస్తుంది. ఛాయాగ్రాహకునికి ఒకే వస్తువు రెండు ప్రతిబింబాలుగా కనిపిస్తుంది. కటకంపై ఉన్న వలయాన్ని తిప్పినప్పుడు ఆ రెండూ ఒకదానిపై ఒకటి కచ్చితంగా కలిస్తే దూరం సరిపోయిందని అర్థం.

ఈ కెమెరాలలో ఫిల్ముపై ఏర్పడే చిత్రం కొలత 24 × 36 మిల్లీమీటర్లు. 50 మి.మీ. నాభ్యంతరం గల కటకం ఈ చట్రంలో ఒక మూల నుండి ఎదుటి మూలకు సుమారు 47 డిగ్రీల దృశ్యాన్ని చూపుతుంది. 35 మి.మీ. కటకం 63 డిగ్రీలను, 28 మి.మీ. కటకం 75 డిగ్రీలను, 21 మి.మీ. కటకం 91 డిగ్రీలను పట్టుకొంటుంది. నాభ్యంతరం తగ్గేకొద్దీ కటకం ఫిల్ముకు దగ్గరగా ఉండవలసి వస్తుంది. రేంజ్‌ఫైండర్ కెమెరాలో కటకానికీ ఫిల్ముకూ మధ్య అద్దం ఉండదు కనుక ఆ సామీప్యం సాధ్యమైంది. అందువలన ముందు భాగమూ వెనుక భాగమూ ఇంచుమించు ఒకే తీరుగా ఉండే సౌష్ఠవ నిర్మాణాన్ని శాస్త్రజ్ఞులు అనుసరించగలిగారు. ముందు భాగం వలన కలిగే వంకరను వెనుక భాగం సరిచేస్తుంది. భవనాల సరళరేఖలు సరళరేఖలుగానే నిలుస్తాయి. సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ రుసినోవ్ 1940 దశకంలోనూ, జైస్ సంస్థకు రూపకల్పన చేసిన లుడ్విగ్ బెర్టెలె 1950 దశకంలోనూ ఈ మార్గంలో గొప్ప విజయాలు సాధించారు. బెర్టెలె రూపొందించిన 21 మి.మీ. ‘బయోగాన్’ వెనుక గాజు కెమెరా లోపలికి చొచ్చుకొనిపోయి ఫిల్ముకు అతి సమీపంలో నిలుస్తుంది. ఇట్టి కటకాన్ని అమర్చే ముందు అది కెమెరా లోపలి భాగాలకు తగులుతుందేమో చూసుకోవాలి.

కాలం ఈ కటకాలపై పలు విధాల ముద్ర వేస్తుంది. లోపలి గ్రీజు ఎండి వలయం బిగుసుకుపోతుంది. దాని ఆవిరి గాజుపై పేరుకొని మసకగా మారుతుంది. అపెర్చర్ రేకులకు నూనె అంటుతుంది. గాజుబిళ్ళలను అతికించిన కెనడా బాల్సమ్ జిగురు కొన్నిచోట్ల విడిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల తేమగాలిలో గాజుపై సాలెగూడు వంటి బూజు పడుతుంది. సన్నని టార్చి వెలుగును కటకం గుండా ఏటవాలుగా ప్రసరింపజేస్తే ఈ లోపాలన్నీ బయటపడతాయి. చికిత్సకు ముందు రోగనిర్ధారణ అవసరమైనట్లే ఇక్కడ ఈ పరీక్ష అవసరం.

శుభ్రపరచడంలో తొందర పనికిరాదు. మొదట రబ్బరు బల్బుతో గాలి ఊది ఇసుకరేణువులను తొలగించాలి. అవి ఉండగానే గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డే గరుకు కాగితంగా మారి గాజును గీస్తుంది. తరువాత మెత్తని కుంచె, ఆపై తగిన ద్రవంతో తడిపిన మృదువైన కాగితం వాడాలి. 1935లో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకులా గాజుపై పలుచని పూత వేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. పూతలేని ఒక్కొక్క గాజుతలం సుమారు 4 శాతం కాంతిని వెనుకకు తిప్పికొడుతుంది. గాలికి ఎదురయ్యే తలాలు ఆరు ఉంటే, కాంతిలో సుమారు 78 శాతం మాత్రమే నేరుగా ఫిల్మును చేరుతుంది. పూత ఈ నష్టాన్ని తగ్గించింది. అయితే తొలినాటి పూతలు చాలా సుకుమారమైనవి. మచ్చను తొలగించాలనే పట్టుదలతో గట్టిగా రుద్దితే మచ్చతోపాటు పూత కూడా పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది.

మరచుట్లను విప్పడం ఇంకా సున్నితమైన పని. కటకాన్ని ముందుకూ వెనుకకూ జరిపే మరకు ఒకటి కాక అనేక ఆరంభాలు ఉంటాయి. విప్పేటప్పుడు రెండు భాగాలు విడిపోయిన స్థానాన్ని గుర్తు పెట్టుకోకపోతే, తిరిగి బిగించేటప్పుడు అవి వేరొక ఆరంభంలో కలుస్తాయి. చూపులకు అంతా బాగానే ఉంటుంది. చిత్రాలు మాత్రం మసకబారతాయి. అందుచేత బిగింపు పూర్తయ్యాక పరీక్ష తప్పనిసరి. వెనుక తలుపు తెరుచుకొనే కెమెరాలో, ఫిల్ము ఉండే స్థానంలో గరుకు గాజును ఉంచి, షట్టరును తెరిచిపట్టి, దూరాన ఉన్న గోపురమో స్తంభమో అనంత దూరపు గుర్తు వద్ద స్పష్టంగా కనిపిస్తున్నదా అని భూతద్దంతో చూడాలి. అదే సమయంలో రేంజ్‌ఫైండర్‌లోని రెండు ప్రతిబింబాలు కూడా కలిసి ఉండాలి.

బూజు గాజును తినివేస్తే ఆ మచ్చను ఏ ద్రవమూ మాన్పలేదు. ముందు గాజుపై ఉన్న రెండు సన్నని గీతలు చిత్రంలో సాధారణంగా కనిపించవు. వాటిని పోగొట్టడానికి గాజును సానపడితే దాని వక్రత మారి కటకం మొత్తానికీ పనికిరాకుండా పోతుంది. ఈ కటకాల విడిభాగాలు నేడు కర్మాగారాలలో తయారు కావడం లేదు. చెడిన ప్రతి కటకంతో లోకంలో ఒకటి తగ్గిపోతుంది. కనుక చేయగలిగిన పనిని చేయడం నేర్పు. చేయకూడని చోట చేయి ఆపడం వివేకం.

ఇట్లా బాగుపడిన కటకాన్ని అలమరలో దాచడం దానికి న్యాయం చేయడం కాదు. తోలుసంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక, గాలి చొరని డబ్బాలో సిలికాజెల్‌తో భద్రపరచి తరచుగా ఉపయోగించాలి. 28 మి.మీ. కటకాన్ని ఎఫ్/8 వద్ద ఉంచి దూరాన్ని సుమారు 3.3 మీటర్లకు అమర్చితే, దాదాపు 1.7 మీటర్ల నుండి అనంతం వరకు దృశ్యం స్పష్టంగా ఉంటుంది. ఛాయాగ్రాహకుడు వలయాన్ని తిప్పే పని లేకుండా ఎదుటి మనుషులపైనే దృష్టి నిలపగలడు. పూతలేని కటకం ఎదురు వెలుగులో చిత్రాన్ని పాలిపోజేస్తుంది. అంచున నీడగొట్టం అమర్చితే ఆ దోషం తగ్గుతుంది. కటకం స్వభావాన్ని తెలిసి మెలగడం కూడా జీర్ణోద్ధరణలో భాగమే. గాజుపై రెండు గీతలు మిగిలినా, దాని గుండా మళ్ళీ ఒక ముఖం ఫిల్ముపై స్పష్టంగా నిలిచిననాడు ఆ శ్రమ ఫలించినట్లే.

కఠిన పదాలకు అర్థాలు

జీర్ణోద్ధరణ = శిథిలమైనదానిని బాగుచేయడం
నాభ్యంతరం = కటక కేంద్రానికీ నాభికీ మధ్య దూరం
సౌష్ఠవం = రెండువైపులా సమానమైన పొందిక
విపణి = అంగడి
వక్రత = వంపు

ప్రశ్నలు

1. రేంజ్‌ఫైండర్ కెమెరాలో సౌష్ఠవ నిర్మాణం గల కటకాలు ఎందుకు సాధ్యమయ్యాయి?
2. కటకాన్ని శుభ్రపరచడంలో పాటించవలసిన క్రమాన్ని తెలపండి.
3. మరచుట్లను విప్పేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?
4. “చేయకూడని చోట చేయి ఆపడం వివేకం” – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.