శనివారం గోలీ

సీడు పత్తి పండించే ఇంట్లో ఒక నోటుబుక్కు తప్పకుండా ఉంటది. పూలకు పుప్పొడి అద్దే క్రాసింగుకు ఏ దినం ఎంతమంది కూలోళ్లు వచ్చిండ్రు, సీడు కంపెనీ ఆర్గనైజరుకు ఎంత బాకీ, అన్నీ అందులోనే. మల్దకల్ దిక్కు మా అసువంటోళ్ల బతుకంతా ఆ లెక్కలే. మనవడికి పదిహేనో ఏట ఫిట్స్ మొదలైనంక అదే పుస్తకాన్ని తిరగేసి, వెనక పేజీల నుంచి వాని లెక్క రాయబట్టిన. రెండేండ్లు దాటింది. అందులో తేలినవి చెప్త.

1. ఫిట్స్ అంటే కింద పడి కొట్టుకునుడే కాదు.

పొద్దున లేస్తనే వాని చేతిల చాయ గిలాస జారిపడేది. చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు ఎగిరేది. "నీ కండ్లు యాడున్నయిరా" అని తిడుతుంటి. మార్గశిరం చలిల మల్దకల్ తిమ్మప్ప దేవుని జాతరకు రాత్రంతా మేల్కొన్నడు. తెల్లారి ఇంటికొచ్చి, మొఖం కడుక్కుంటనే కూలిపోయిండు. కర్నూలుల నరాల డాక్టరు అడిగిన మొదటి మాట: "పొద్దునపూట చేతిలవి జారవిడుస్తడా?" నాకు నోట మాట రాలే. ఆ ఎగురుడు గూడ ఫిట్సేనంట. ఈడొచ్చే పిల్లలకు వచ్చే ఒక రకం ఇది. నిద్ర చాలకపోతే రేగుతది, తెల్లారిన గంట రెండు గంటలల్ల ఎక్కువ. నేను తిట్టిన ప్రతి గిలాస ఒక జాడ అన్నట్టు. చెప్పేతందుకు వాడు నోరు తెరిస్తే గదా, నేను తెరవనిస్తే గదా.

2. ఒకరి గోలీ ఇంకొకరికి పనికిరాదు.

మా చుట్టం ఒకాయన తను వేసుకునే కార్బమజెపిన్ పత్తా తెచ్చి, "నాకు తగ్గింది, పిల్లగానికీ వెయ్యి" అన్నడు. మంచి మనసుతోనే. మా వాని రకం ఫిట్స్‌కు ఆ మందు వేస్తే ఎగురుడు ఇంకా పెరగొచ్చని డాక్టరు చెప్పిండు. వీనికి వాల్‌ప్రొయేట్ రాసిండు. ఇదే మందు ఆడపిల్లకు రాసేతందుకు డాక్టర్లు వెనకాడుతరు, రేపు కడుపుల బిడ్డకు చేటు చేస్తదని. ఆడపిల్ల ఉన్నోళ్లు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలె. అట్లని భయపడి ఉన్న మందు ఒక్కసారే బంద్ చేస్తే అది ఇంకా పెద్ద ముప్పు.

3. వారం చూడుండ్రి.

ఆరు నెలలల్ల పెద్ద ఫిట్స్ నాలుగుసార్లు వచ్చినయి. ఎర్ర పెన్నుతోటి గుర్తు పెట్టిన. ఒకనాటి రాత్రి కూలి లెక్కలు చూస్తుంటే పేజీ వెనక్కు తిరిగింది. నాలుగిట్ల మూడు ఆదివారం తెల్లారుజామునే! గాలి అనుకోవాల్నా, గ్రహం అనుకోవాల్నా? ఆదివారం వస్తే ముందు శనివారం ఉంటది గదా అని అప్పుడు తట్టింది. శనివారం తిమ్మప్ప ఒక్కపొద్దు. పిల్లగానికి నయం కావాలని మా ఇంటామె మొక్కి, వానితోనే పట్టించింది.

"పొద్దుటి గోలీ ఏం చేస్తున్నవురా?" అంటే, "తిన్నంకనే వేసుకోమన్నరు గదా తాతా. ఒక్కపొద్దునాడు యాడ తింట?" అన్నడు.

నయం కావాలని పట్టిన ఒక్కపొద్దే గోలీని ఎగ్గొట్టింది. ఇంటామె ఆ రాత్రి అన్నం ముట్టలే. నేనూ ఏమనలే, అనేతందుకు నాకేం హక్కుంది? మరుసటి వారం నుంచి ఒక్కపొద్దు ఆమె పడుతున్నది. వాడు పెరుగన్నం తిని గోలీ వేసుకుంటున్నడు. దేవునికి దీంట్ల అభ్యంతరం ఉన్నట్టు ఇప్పటిదాక కనిపించలే.

4. తప్పు ఫోనుదా, నిద్రదా?

ఊళ్లె అందరూ ఫోను వెలుగుతోటే ఫిట్స్ వస్తయన్నరు. మినుకుమినుకు వెలుగు పడనోళ్లు ఉంటరు, గని ఫిట్స్ ఉన్నోళ్లల్ల వాళ్లు కొద్దిమందే. తలకు తీగలు పెట్టి ఈఈజీ తీసేటప్పుడు మా వాని కండ్ల మీద లైటు కొట్టి చూసిండ్రు, ఏం తేడా రాలే. వెలుగు కాదు, దాన్ని పట్టుకొని మేల్కొనే గంటలే అసలు పాపం. "ఫోను ముట్టకు" అంటే దుప్పట్ల దాచుకొని చూసిండు. "పదిన్నరకు పండుకో, ఎన్ని గంటలకు పండుకున్నవో రాయి" అంటే కొంత మాట విన్నడు.

5. పత్తాల నుంచి గోలీలు ముందే విప్పి పెట్టొద్దు.

సులువైతదని వారానికి సరిపోను ప్లాస్టిక్ డబ్బల పోసి పెట్టిన. వానకాలం చెమ్మకు మెత్తబడ్డయి. ఈ మందు చెమ్మను ఇట్టే పీలుస్తదంట. ఇంకో పది దినాల మందు మిగిలినప్పుడే కొత్తది తెచ్చుకోవాలె. ఒకటి మరిచినమని తర్వాత రెండు కలిపి మింగొద్దు.

6. తాళంచెవి తాళానికే.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిల తాళంచెవో ఇనుమో పెట్టుడు, ముక్కుకాడ చెప్పు పెట్టుడు, నోట్ల చెంచా దూర్చుడు, ఏదీ వద్దు. పక్కకు తిప్పి పండబెట్టి గడియారం చూడుండ్రి. అయిదు నిమిషాలు దాటితే 108. బాయిల ఈత మాన్పించినం, స్నానాలగదికి గడియ పెట్టనిస్తలేం.

7. దాచుడు.

"బయట చెప్పకు, రేపు పెండ్లి కాదు" అన్నోళ్లు ఉన్నరు. మూర్ఛ ఉంటే పెండ్లిని రద్దు చేయించొచ్చనే మాటను హిందూ వివాహ చట్టంల నుంచి 1999లనే తీసేసిండ్రు. చుట్టాలకు ఆ కబురు ఇంకా అందలే. బడిల సారుకు, వాని పక్క బెంచి పిల్లలకు నేనే పోయి చెప్పొచ్చిన.

8. పుస్తకం పిల్లగాని చేతికే ఇయ్యాలె.

మొదట్ల నేనే రాస్తుంటి. గిలాస జారిందని చెప్తే ఫోను గుంజుకుంటనని వాడు చెప్పకపోయేది. పేజీ నిండ మంచి దినాలే, అన్నీ అబద్ధాలు. కూలి లెక్క తప్పు రాస్తే పైసలే పోతయి. అందుకే ఇద్దరం ఒప్పందం చేసుకున్నం: వాడు రాయాలె, చదివి నేను తిట్టొద్దు. పోయిన నెల తెరిస్తే వాని వంకర రాతల ఇట్లుంది: "పొద్దున గిలాస జారింది. రాత్రి ఒంటిగంట దాక మేల్కొన్న. క్రికెట్."

పుస్తకం మూసి, వానికి స్టీలు గిలాసల చాయ పోసిచ్చిన.