రెండవ పేరు

షోడశ సంస్కారములలో నామకరణము ఐదవదిగా పరిగణింపబడుచున్నది. పుట్టిన పదునొకండవ దినముననో, పండ్రెండవ దినముననో పళ్ళెములో బియ్యము పోసి, బంగారు ఉంగరముతో తండ్రి పేరు వ్రాసి, శిశువు కుడిచెవిలో చెప్పుట మన యాచారము. ఇంతవరకు అందరును ఎరిగినదే. పేర్లు రెండు పెట్టదలచినపుడు మొదటిదానికి రెండవది ఎట్లు పొసగవలెనను సంశయమే నేటి గృహస్థులను చీకాకుపరచుచున్నది.

ఒక శిశువునకు ఒకటికంటె ఎక్కువ పేర్లుండుట క్రొత్త సంగతి కాదు. ధర్మసింధువు మొదలగు నిబంధన గ్రంథములు దేవతానామము, మాసనామము, నక్షత్రనామము, వ్యావహారిక నామము అని నాలుగింటిని చెప్పినవి. మార్గశీర్షమున పుట్టినవానికి కృష్ణుడు, పుష్యమున పుట్టినవానికి అనంతుడు, ఇట్లు పండ్రెండు నెలలకును విష్ణునామములే మాసనామములు. వీనిలో లోకము పిలుచునది వ్యావహారిక నామమొక్కటే. తక్కినవి సంకల్పాదులకు, జపమునకు, ఇంటిలోనివారికి.

ఆదోని, ఎమ్మిగనూరు సీమలో ఈ విషయమునకు ఒక ప్రత్యేకత కలదు. ఆదోని తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలో ఉండెడిది. కన్నడము, తెలుగు రెండును ఇక్కడి ఇండ్లలో వినబడును. అందుచేత ఈరన్న, తిమ్మప్ప, సోమప్ప, నీలకంఠప్ప, హనుమంతప్ప వంటి పేర్లు ఇచ్చట మెండు. వీరన్న యను మాటలో వకారము జారి ఈరన్న అయినది. ఉరుకుందలో నరసింహస్వామిగా కొలువబడు ఈరన్నస్వామిని బట్టి ఈరన్నలే కాక ఉరుకుందప్పలు, ఉరుకుందమ్మలు కూడ ఊరూర కలరు. చేనేతవారికి సహకార సంఘము నెలకొల్పి ఎమ్మిగనూరునకు పేరు తెచ్చిన పద్మశ్రీ మాచాని సోమప్ప గారి పేరును చూడుడు. ఉమతో కూడినవాడు సోముడు. దానికి తండ్రి యను అర్థమునిచ్చు అప్ప శబ్దము చేరినది. ఇట్టి పేర్లను మోటువని తలచువారికి వాని వ్యుత్పత్తి తెలియదనుటయే న్యాయము.

తాత పేరు మనుమనికి పెట్టుట ఇచ్చట దృఢమైన ఆచారము. అన్నదమ్ములు ముగ్గురును తండ్రి పేరే తమ కుమారులకు పెట్టగా, ఒకే ఇంటిలో పెద్ద ఈరన్న, నడిపి ఈరన్న, చిన్న ఈరన్న తయారగుదురు. దీనికి శాస్త్రబలము లేకపోలేదు. పతంజలి మహర్షి మహాభాష్యము మొదటి ఆహ్నికమున, వ్యాకరణము ఎందుకు చదువవలెనో చెప్పుచు, యాజ్ఞికుల మాటగా నామలక్షణమును ఉదాహరించెను. పేరు ఘోషాక్షరముతో మొదలు కావలెను; నడుమ య ర ల వ లలో ఒకటి ఉండవలెను; రెండక్షరములో నాలుగక్షరములో ఉండవలెను; కృదంతము కావలెను గాని తద్ధితాంతము కారాదు; మూడు పురుషాంతరములను అనుసరించునది కావలెను; శత్రువులయందు రూఢమైనది కారాదు. కృత్తేదో తద్ధితమేదో వ్యాకరణము చదువనివాడు తెలిసికొనలేడని ఆయన చమత్కారము. ఆ లెక్కన రఘువునుండి పుట్టిన రాఘవ శబ్దము తద్ధితాంతమే. అయినను మంత్రాలయము దాపున నివసించువారిని రాఘవేంద్ర నామము పెట్టవలదని ఎవరనగలరు? భగవద్భాగవత నామముల విషయమున ఆచారమే బలవత్తరము.

తాత పేరు పెట్టిన ఇంటిలో ఒక ఇబ్బంది పుట్టును. కోడలు మామగారి పేరు ఉచ్చరింపదు. కన్నకొడుకు పేరు ఈరన్నయే అయినను తల్లి వానిని అట్లు పిలువజాలదు. అయ్య అనియో, అప్ప అనియో, పెద్దాయన అనియో పిలుచును. పిలుపు పేరు, అనగా రెండవ పేరు, అవసరమైనది ఇందువలననే. కావున తాత పేరొకటి, పిలుపు పేరొకటి అనునది నాగరికపు పోకడ కాదు, మన అవ్వల కాలపుదే.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వచ్చినదనగా, దంపతులు పిలుపు పేరును ఋత్విక్ అనియో అభిషేక్ అనియో నిశ్చయించుకొని, తాత పేరును దాని వెనుక తగిలించుచున్నారు. తెలుగు అజంత భాష. హల్లుతో ముగియు పేరు వెనుక అచ్చుతో మొదలగు పేరు వచ్చిన రెండును అతుకుకొనును. ఋత్విక్ ఈరన్న అని వేగముగా పిలిచిన ఋత్వికీరన్న అగును. సంస్కృత సంధి చేసిన ఋత్విగీరన్న! బడిలో తోటి పిల్లలు దానిని ఏమి చేయుదురో చెప్పనక్కరలేదు. తాత పేరును ముందుంచి ఈరన్న ఋత్విక్ అనిన ఈ చిక్కు తీరును. ఇంటిపేరు, పెద్దల పేరు, పిలుపు పేరు అను ఈ వరుస నాకు సమ్మతము. పేరు నిర్ణయించుటకు ముందు వాకిట నిలిచి ముమ్మారు బిగ్గరగా పిలిచి చూచుకొనుట మంచిది.

శబ్దముకంటె అర్థము ముఖ్యము. శ్రీ రాఘవేంద్రస్వామివారి పూర్వాశ్రమ నామము వేంకటనాథుడు, తండ్రిగారు తిమ్మణ్ణభట్టు. తిమ్మడన్నను వేంకటేశ్వరుడే. తండ్రిది దేశ్యము, కుమారునిది సంస్కృతము; దైవము ఒక్కటే. 1671లో బృందావన ప్రవేశము చేసిన ఆ మహనీయుని ఇంటిలోని ఈ తీరు మనకు చక్కని దారి చూపుచున్నది. తాత తిమ్మప్ప అయిన మనుమడు తిమ్మప్ప శ్రీనివాసుడు కావచ్చును. సోమప్ప వెంట శశిధరుడు, ఈరన్న వెంట నృహరియో ప్రహ్లాదుడో పొసగును. అట్లు కాక, ఈరన్న యనుట చిన్నతనమని దానిని వీరేశ్ అని దిద్దుట నాకు రుచింపదు. అవ్వ పిలిచిన పేరు అది కాదు. తాత ఆ పేరుతో పలుకలేదు.

విరుద్ధార్థములను కూర్పరాదు. చిన్న త్రివిక్రముడు, పెద్ద వామనుడు అనిన వినువారు నవ్వుదురు. అనామిక యని ఆడపిల్లకు ముచ్చటపడి పెట్టుచున్నారు; ఆ మాటకు పేరు లేనిది యని అర్థము, ఉంగరపు వ్రేలునకు కూడ అదియే పేరు. పేరు లేనిదను పేరునకు రెండవ పేరు తప్పక కావలెను!

ఆడపిల్లలకు బేసి అక్షరముల పేరు పెట్టుమని ఆపస్తంబాదుల మతము. సుఖముగా పలుకదగినది, స్పష్టమైన అర్థము కలది, దీర్ఘాంతమైనది కావలెనని మనువు. నరసమ్మ, ఉరుకుందమ్మ యని దేవుని పేరునకు అమ్మ చేర్చుట ఈ సీమవారి నేర్పు. అందు తప్పు పట్టవలసినది లేదు.

నక్షత్రపాదాక్షరమునకు పట్టుబట్టువారు దానిని రెండు పేర్లలో ఒకదానికి వాడుకొనిన చాలును. ఙ, ఞ, ణ లు వచ్చిన వానికి బదులు గ, జ, డ లు గ్రహింపవలెనని జ్యోతిషికులే చెప్పిరి.

కడపట లౌకికమైన మాట ఒకటి. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ననుసరించి, పేరు లేకయే జననము నమోదైనను, ఏడాదిలోగా పేరును రుసుము లేకుండ చేర్పించుకొనవచ్చును. ఆపైన పదునైదేండ్లవరకు రుసుము చెల్లించి చేర్పింపవచ్చును. కాబట్టి ఆసుపత్రిలోనే తొందరపడి ఏదో ఒకటి వ్రాయింపనక్కరలేదు. అవ్వను అడిగి, పురోహితుని అడిగి, రెండు పేర్లును పూర్తిగా, పొడి అక్షరములుగా కుదింపక వ్రాయింపవలెను. ఈరన్న యను పేరు ఈ యను ఒంటి అక్షరమైనచో, పదియేండ్ల తరువాత ఆ ఈ అనగా ఏమని పిల్లవాడే అడుగును. జనన పత్రములో ఒక వరుస, బడి పుస్తకములో ఒక వరుస, ఆధార్ కార్డులో మరియొక వరుస ఉన్నచో దిద్దించుటకు తిరుగవలసినది తల్లిదండ్రులే.

బారసాలనాడు బియ్యములో వ్రాసిన వరుసనే మరునాడు కాగితముపై వ్రాసి, ఇంటిలోని పెద్దలచేత చదివించుకొని, అటుపిమ్మట పురపాలక కార్యాలయమునకో, పంచాయతీకో పోవలెను.