మెట్ట ప్రాంతాలకు సాగునీరు, మలేరియా వ్యాప్తి: నీటి యాజమాన్యం పాత్ర

మెట్ట ప్రాంతానికి కాలువ నీరు చేరినపుడు పంటల సరళితో పాటు అక్కడి కీటకాల స్థితిగతులు కూడా మారుతాయి. మొదటి మార్పు దిగుబడి లెక్కలలో కనిపిస్తుంది. రెండవది కొన్నేళ్ల తరువాత జ్వరాల రూపంలో బయటపడుతుంది. ఈ సంబంధాన్ని మలేరియా ఉదాహరణగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నీరు, దోమ, పరాన్నజీవి

మలేరియాకు కారణం ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి. దీనిని ఆడ అనాఫిలిస్ దోమ ఒకరి నుండి మరొకరికి చేరవేస్తుంది. దోమ శరీరంలో పరాన్నజీవి పరిపక్వం కావడానికి 25–28 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 10 నుండి 12 రోజులు పడుతుంది. పొడి గాలిలో చాలా దోమలు అంతకుముందే చనిపోతాయి. సాగునీరు గుడ్లు పెట్టే చోటును ఇవ్వడమే కాక, గాలిలో తేమను పెంచి దోమ ఆయుష్షును కూడా పొడిగిస్తుంది. ఎడారి వాతావరణం కల్పించిన సహజ రక్షణ ఈ విధంగా సడలుతుంది.

థార్ ఎడారి అనుభవం

పంజాబ్‌లోని హరికే బ్యారేజీ నుండి బయలుదేరే ఇందిరాగాంధీ కాలువ నిర్మాణం 1958లో ప్రారంభమైంది. అంతకుముందు థార్‌లో ప్రధాన వాహకం అనాఫిలిస్ స్టెఫెన్సి. ఇది ఇళ్ల వద్ద వాన నీటిని నిల్వ చేసే భూగర్భ తొట్లలో పెరుగుతుంది. కాలువ వచ్చిన తరువాత ఊట గుంటలలో, పొలాలలో పెరిగే అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ ఎడారిలోకి విస్తరించింది. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా వాటా కూడా పెరిగింది. 1994లో భారీ వర్షాల అనంతరం పశ్చిమ రాజస్థాన్‌లో మలేరియా తీవ్రంగా ప్రబలి అనేకులు మరణించారు. కాలువ ప్రాంతంలో కొన్నిచోట్ల తక్కువ లోతులోనే నీటిని ఇంకనివ్వని పొర ఉండటం, మురుగు పారుదల చాలకపోవడం వలన నీరు పైననే నిలిచింది.

రెండు భిన్న ఫలితాలు

ఆఫ్రికా అనుభవం కూడా గమనించదగినది. ఇథియోపియాలోని టిగ్రేలో సాగు కోసం నిర్మించిన చిన్న ఆనకట్టల సమీప గ్రామాల పిల్లలలో మలేరియా, దూర గ్రామాలతో పోలిస్తే సుమారు 7 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు 1999లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. దీనికి భిన్నంగా టాంజానియాలోని మోషి దిగువ ప్రాంతంలో, వరి పండించే గ్రామంలో దోమలు ఎక్కువగా ఉన్నప్పటికీ మలేరియా వ్యాప్తి తక్కువగా నమోదైంది. మెరుగైన ఆదాయం, దోమతెరల వాడకం ఇందుకు తోడ్పడినట్లు పరిశోధకులు భావించారు. కనుక సాగునీరు రాగానే వ్యాధి అనివార్యమని చెప్పలేము. నీరు ఎక్కడ, ఎన్ని రోజులు నిలుస్తుంది, కుటుంబానికి ఎంత రక్షణ ఉంది అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

ఆయకట్టులో పాటించవలసిన చర్యలు

వెచ్చని నీటిలో గుడ్డు నుండి దోమ వెలువడటానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. ఈ వ్యవధి పూర్తికాకముందే నీటిని తొలగించడం నియంత్రణకు మూలసూత్రం.

1. వరిలో తడి, ఆరుదల పద్ధతిని అనుసరించాలి. నాట్లు వేసిన తొలి వారాలలో, పైరు నీటిని కప్పివేయకముందు క్యూలిసిఫేసీస్ ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి అప్పటి నీటి యాజమాన్యం కీలకం. ఒక తూము కింద రైతులందరూ ఒకేసారి ఆరబెట్టినపుడే ప్రయోజనం ఉంటుంది.
2. కాలువ గట్ల ఊటను అరికట్టి, పక్కనున్న మట్టి తవ్విన గుంటలను పూడ్చాలి. పొలం ఆరినా ఈ గుంటలలో నీరు మిగిలిపోతుంది.
3. పిల్లకాలువలతో పాటే మురుగు కాలువలను నిర్మించి, ఏటా పూడిక తీయాలి.
4. పూడ్చ వీలులేని గుంటలలో గంబూసియా చేపలను వదలాలి. అవి సహజ వాగులలోకి చేరకుండా జాగ్రత్త వహించాలి.
5. నీరు విడుదలయ్యే తేదీలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముందుగా తెలియజేయాలి.

ముగింపు

హంద్రీ-నీవా వంటి ఎత్తిపోతల పథకాల ద్వారా రాయలసీమ మెట్ట భూములకు నీరు చేరుతున్న తరుణంలో ఈ అనుభవాలు మనకూ వర్తిస్తాయి. కోతల సమయంలో జ్వరం బారిన పడిన కూలీ కుటుంబం ఆ సీజను ఆదాయాన్నే కోల్పోతుంది. అందువలన విస్తరణ శాస్త్రవేత్తలు నీటి తడుల గురించి ఇచ్చే ప్రతి సలహాలో, మిగులు నీరు ఎటు పోతుందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఉండాలి.