పట్టా తరువాతి పాఠం

విద్యకు అవధి లేదని పెద్దలు చెబుతారు. ఈ మాటను అంగీకరించేవారు అనేకులు, ఆచరించేవారు కొందరే. యాంత్రిక ఇంజనీరు విషయంలో మాత్రం ఇది కేవలం సూక్తి కాదు. అతడు నేర్చుకోవడం మానిన నాడు నష్టపోయేది అతడొక్కడే కాదు, అతని యంత్రం పక్కన నిలబడి పనిచేసే కార్మికుడు కూడా. అందువల్లనే ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్నవారికి సైతం శిక్షణ తరగతులు, సదస్సులు, పునశ్చరణ కార్యక్రమాలు ఏర్పడ్డాయి. వాటి వెనుక ఉన్న చరిత్ర తెలుసుకోదగినది.

ఇంగ్లండులోని వైలం గ్రామంలో 1781లో జార్జి స్టీఫెన్‌సన్ జన్మించాడు. తండ్రి బొగ్గుగనిలో నీరు తోడే ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే కార్మికుడు. కొడుకును బడికి పంపే స్తోమత ఆ ఇంటికి లేదు. పద్దెనిమిదేళ్ల ప్రాయం వరకు జార్జికి చదవడం, రాయడం రాదు. పగలు యంత్రం దగ్గర పనిచేస్తూ, సంపాదనలో కొంత చెల్లించి రాత్రిబడిలో అక్షరాలు, లెక్కలు నేర్చుకొన్నాడు. 1811లో కిల్లింగ్‌వర్త్ గనిలో మొరాయించిన నీటి యంత్రాన్ని బాగుచేసి పేరు పొందాడు. మరుసటి సంవత్సరం ఆ గనుల యంత్రాల బాధ్యత అతనికి అప్పగించారు. తాను నోచుకోని చదువును కుమారుడు రాబర్టుకు చెప్పించాడు. ఆ బాలుడు న్యూకాజిల్ గ్రంథాలయం నుండి తెచ్చిన పుస్తకాలను తండ్రీకొడుకులు కలిసి చదివేవారు. కొడుకు ద్వారా నేర్చుకోవడం ఆ తండ్రికి చిన్నతనంగా తోచలేదు.

1847 జనవరి 27న బర్మింగ్‌హాం నగరంలో యాంత్రిక ఇంజనీర్ల సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు జార్జి స్టీఫెన్‌సనే. 1848లో ఆయన మరణించిన పిమ్మట ఆ పదవి రాబర్టును వరించింది. సభ్యుడొకడు తన అనుభవాన్ని వ్యాసంగా చదవడం, తక్కినవారు ప్రశ్నించడం, ఆ చర్చను అచ్చువేసి అందరికీ అందించడం ఆ సంఘం అనుసరించిన పద్ధతి. ఒక కర్మాగారంలో తెలిసిన మెళకువ ఈ విధంగా పదిమందికీ చేరింది. నేటి సాంకేతిక సదస్సులు కూడా ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

మెళకువల కంటె వైఫల్యాలు నేర్పిన పాఠాలు గొప్పవి. 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్టన్ పట్టణంలో ఒక పాదరక్షల కర్మాగారంలో పాత బాయిలరు పేలింది. అది కప్పును చీల్చుకొని పైకెగిరింది. భవనం కూలి మంటలు చెలరేగాయి. 58 మంది మరణించారు. ఆ బాయిలరు పలకల అంచులను ఒకదానిపై ఒకటి ఉంచి రివెట్లతో బిగించారు. ఆవిరి పీడనం పెరిగి తగ్గినప్పుడల్లా అటువంటి అతుకు కొద్దిగా వంగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పలకల నడుమ, కంటికి కనబడని చోట, పగులు పుడుతుంది. పైపై పరీక్షకు అది దొరకదు.

ఈ ప్రమాదం అనంతరం మసాచుసెట్స్ రాష్ట్రం 1907లో బాయిలర్లకు నియమాలు చేసింది. 1880లో స్థాపితమైన అమెరికా యాంత్రిక ఇంజనీర్ల సంఘం 1911లో ఒక కమిటీని నియమించింది. ఆ కమిటీ రూపొందించిన నియమావళి 1915లో వెలువడింది. నేడు రెండేళ్లకొకసారి దాని నూతన ప్రతి వెలువడుతున్నది. నిన్నటి ప్రతిని మాత్రమే చదివిన ఇంజనీరుకు నేటి నియమం తెలియదు. అదే నియమావళి ప్రకారం, ఒక వెల్డరు ఆరు నెలల పాటు ఒక పద్ధతిలో వెల్డింగు చేయకపోతే ఆ పద్ధతిలో అతని యోగ్యత చెల్లదు; తిరిగి పరీక్షకు నిలవాలి. నైపుణ్యానికి కూడా కాలపరిమితి ఉన్నదని ఈ నియమం తెలుపుతున్నది.

మన దేశం కూడా ఇటువంటి పాఠాన్ని మూల్యం చెల్లించే నేర్చుకొన్నది. 1863లో కలకత్తాలో జరిగిన బాయిలరు పేలుడు మరుసటి ఏడు బెంగాలులో బాయిలర్ల తనిఖీ చట్టానికి దారితీసింది. 1923లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు.

శిక్షణ విషయంలో హైదరాబాదు నగరానికి విశిష్ట స్థానం ఉన్నది. ఐక్యరాజ్యసమితి సహాయంతో 1968లో బాలానగర్‌లో కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ వెలసింది. అచ్చులు, పనిముట్లు రూపొందించే విద్యను అది పరిశ్రమల్లో పనిచేసేవారికి కూడా నేర్పుతున్నది. 1920లో ఏర్పడిన భారత ఇంజనీర్ల సంస్థ 1981లో హైదరాబాదులోనే ఇంజనీర్ల స్టాఫ్ కళాశాలను స్థాపించింది. ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్లు కొద్దిరోజుల పాటు తిరిగి విద్యార్థులై అక్కడ కూర్చుంటారు. డ్రాయింగు బల్లపై గీతలు గీసిన తరం కంప్యూటరు తెరపై రూపకల్పన చేయడం నేర్చుకోవలసి వచ్చింది. చేతితో చక్రం తిప్పి లేతు నడిపినవారు సంఖ్యల ఆదేశాలతో నడిచే లేతును అలవరచుకోవలసి వచ్చింది. లోహాన్ని కోయకుండానే అతిధ్వని తరంగాలతో లోపలి పగులును కనిపెట్టే విద్య కూడా ఇటువంటి శిక్షణల ద్వారానే పనివారికి అందుతున్నది.

అయితే శిక్షణ పేరుతో జరిగేదంతా శిక్షణ కాదు. హాజరుపట్టీలో సంతకం, మధ్యాహ్న భోజనం, సాయంత్రం ధ్రువపత్రం - ఇంతటితో ముగిసిన కార్యక్రమం కాలహరణమే. వచ్చినవాడు తన కర్మాగారం నుండి ఏ సందేహాన్ని వెంట తెచ్చాడు? తిరిగి వెళ్లి ఏ పనిని మార్చాడు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం ఉన్నప్పుడే శిక్షణ సార్థకమవుతుంది. పై అధికారి తన కింది కార్మికుని అడగడానికి, అనుభవజ్ఞుడు యువకుని అడగడానికి సంకోచించరాదు. తన పొరపాటును పదిమందిలో చెప్పుకోగలిగినవాడు మరొకరిని ప్రమాదం నుండి కాపాడినవాడవుతాడు.

ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక శాస్త్రాలు చదివే విద్యార్థులలో పలువురు రేపు ఇంజనీర్లు కాగలరు. పట్టా చేతికి వచ్చిన దినం ఆనందించదగినదే; కాని అది చదువుకు చివరి దినం కాదు. పద్దెనిమిదేళ్లకు అక్షరాలు దిద్దినవాడు ఇంజనీర్ల సంఘానికి తొలి అధ్యక్షుడు కావడం ఈ సత్యానికి నిదర్శనం.

ప్రశ్నలు

1. జార్జి స్టీఫెన్‌సన్ జీవితం నుండి గ్రహించవలసిన విషయాలు ఏవి?
2. బ్రాక్టన్ ప్రమాదానికి కారణాన్ని, దాని ఫలితంగా వచ్చిన మార్పులను వివరించండి.
3. శిక్షణ ఎప్పుడు సార్థకమవుతుంది? పాఠం ఆధారంగా రాయండి.